మచ్చలేని కమొడోర్

కమొడోర్ పిరాట్ల నరహరి నౌకాదళంలో చేరి ముప్ఫై రెండేళ్ళయింది. అందులో చివరి పదకొండేళ్ళూ ఆయన సముద్రం జోలికి పోలేదు. ప్రమోషన్లన్నీ వరసగా వచ్చిపడింది మాత్రం ఆ పదకొండేళ్ళలోనే.

ఆయన పనిచేసే నీలగండి నౌకాస్థావరం ఎక్కడుందో మ్యాపులో వెతక్కండి, కనబడదు. దేశరక్షణకి సంబంధించిన చోటు కాబట్టి మ్యాపులో వెయ్యలేదు. అక్కడికి వెళ్ళే సిటీ బస్సు నుదుటి మీద మాత్రం ఆ పేరు వీధి చివరి నుంచి చదువుకునేంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

నరహరికి ఓడ నడపడం చేతకాదేమో అనుకుంటే పొరపాటే. వయసులో ఉన్నప్పుడు ఆ తీరం మొత్తంలో ఆయనంత బాగా ఓడ నడిపేవాడు లేడు. ఒక చిన్న గస్తీ ఓడకి అధికారిగా ఉన్న రోజుల్లో, నడిసముద్రంలో వంటవాడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, గాలివానని లెక్కచెయ్యకుండా ఓడని తిన్నగా రేవులోకి తెచ్చేశాడు. వంటవాడికి ఆపరేషన్ జరిగింది, బతికాడు. ఓడ మాత్రం రేవుగోడకి రాసుకుని జానెడు మేర రంగు ఊడింది. దాని మీద విచారణ వేశారు. రంగు ఊడిన సంగతి మచ్చల రిజిస్టరులో ఎక్కింది. వంటవాడు బతికిన సంగతి ఎక్కించడానికి ఆ రిజిస్టరులో గడి లేదు. నరహరి ప్రమోషన్ మూడేళ్ళు వెనక్కి పోయింది.

మచ్చల రిజిస్టరు నిష్కళంక సేవా మండలి వారి సృష్టి. ఏ అధికారి చేతిలో ఉన్న ఓడకైనా గీత పడినా, సొట్ట పడినా, తాడు తెగినా, లంగరు పోయినా అది ఆ అధికారి పేరు మీద మచ్చగా నమోదవుతుంది. పదోన్నతి వేళకి ఎవరికి మచ్చలు తక్కువుంటే వాళ్ళు పైకి వెళతారు. వినడానికి ఎంతో సబబుగా ఉన్న నియమం. సముద్రంలో తిరిగే ఓడకి గీతలు పడతాయి, తిరగని ఓడకి పడవు అనే చిన్న సంగతి ఆ నియమం రాసినప్పుడు ఎవరికీ తట్టలేదు. తట్టిన తరవాత దాన్ని అందరూ ఎవరికి వాళ్ళే కడుపులో దాచుకున్నారు.

నరహరికి అది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. తనకన్నా చిన్నవాళ్ళు, గాలి ఎటు వీస్తోందో జేబురుమాలు ఎగరేస్తే గాని చెప్పలేనివాళ్ళు, తన ముందు నుంచే భుజాల మీద హోదా గీతలు తగిలించుకుని వెళ్ళిపోతుంటే చూసి చూసి, ఒక ఏడు ఓడ వేగం సగానికి తగ్గించాడు. రెండు మచ్చలు తగ్గాయి. మరుసటి ఏడు లైట్‌హౌస్ దాటి వెళ్ళలేదు. ఒక్క మచ్చే పడింది. ఆ పై ఏడు అసలు ఓడ కట్టే విప్పలేదు. ఆ సంవత్సరం 'అనుకరణీయమైన నౌకా నిర్వహణ' అని మండలి నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన భార్య సుభాషిణి దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెడుతూ, "ఏం చేశారని ఇచ్చారండీ?" అని అడిగింది.

"ఏమీ చెయ్యలేదు," అన్నాడు నరహరి నిజాయితీగా.

అప్పటి నుంచి ఆయన వెనక్కి చూసుకోలేదు. కెప్టెన్ అయ్యాడు. కమొడోర్ అయ్యాడు. స్థావరంలోకెల్లా పెద్దదైన 'జలకేసరి' ఓడని ఆయన చేతికిచ్చారు. దాన్ని ఆరేళ్ళుగా ఆయన రేవుగోడకి కట్టి కంటికి రెప్పలా కాపాడుతున్నాడు. ఓడని గోడకి కట్టిన తాళ్ళకి నెలకోసారి తెల్లరంగు వేయించేవాడు. డెబ్భై పూతలు పడేసరికి అవి తాళ్ళో ఇనపకడ్డీలో చెప్పడం కష్టంగా ఉండేది. ఓడ ఎక్కడుందో గంటగంటకీ లాగ్ పుస్తకంలో రాయాలన్నది నౌకాదళంలో పాత ఆచారం. ఆ అంకెలు ఆరేళ్ళుగా ఒక్కటే కాబట్టి వాటికి రబ్బరు స్టాంపు చేయించారు. పాపం డ్యూటీ గుమాస్తా గంటకోసారి లేచి స్టాంపు వేసి మళ్ళీ కూర్చునేవాడు. ఇంజిన్లు మాత్రం ప్రతి శనివారం అరగంటసేపు తిప్పేవారు. తిప్పినట్టు టిక్కు పెట్టడానికి ఫారంలో ఒక గడి ఉంది, అందుకని.

ఓడకి సరంగు సూరాడ దానయ్య. తాడూ లంగరూ నావికులూ అన్నీ అతని ఆజ్ఞలోనే. పెద్దపాలెం గంగపుత్రుల కుటుంబంలో పుట్టి, నడక రాకముందే ఈత నేర్చినవాడు. నరహరి గస్తీ ఓడ నడిపిన రోజుల నుంచీ ఆయన వెంటే ఉన్నాడు. ఏడాదికోసారి వచ్చి ఒకటే మాట అడిగేవాడు.

"బాబూ, ఓడ అడుగంతా గుల్లలు పట్టీసి తోటలాగ అయిపోనాది. ఒక్కపాలి అలా తిప్పీసి తెచ్చీమంటే రాలిపోతాయి గదా."

"గుల్లలు రిజిస్టరులో ఎక్కవు దానయ్యా," అనేవాడు నరహరి.

దానయ్య వెళ్ళి తాళ్ళకి రంగు వేయించేవాడు. ఆ వెళ్ళడం చూస్తే నరహరికి ఒక గంటసేపు ఏదో తప్పు చేసినట్టుండేది. గంట తరవాత పోయేది.

ఇక మిగిలింది ఒకే ఒక్క మెట్టు. రియర్ అడ్మిరల్. దాని కోసమే నరహరి ఇన్నేళ్ళూ బతికాడని చెప్పినా తప్పులేదు. ఆ మూడేళ్ళు వెనక పడ్డ అవమానం ఆయన గొంతులో ఇంకా అలాగే ఉంది. అది దిగాలంటే ఆ పదవి రావాలి. కాని ఆ పదవికి ఒక పాత నిబంధన అడ్డొచ్చింది. అభ్యర్థి లక్ష సముద్రమైళ్ళు ప్రయాణం చేసి ఉండాలి. నరహరి ఖాతాలో, కుర్రతనపు తిరుగుళ్ళన్నీ కలిపినా, అరవై రెండు వేలే ఉన్నాయి. మిగతా ముప్ఫై ఎనిమిది వేలూ తిరగాలంటే కట్టు విప్పాలి. కట్టు విప్పితే మచ్చ పడుతుంది. మచ్చ పడితే పదవి రాదు.

ఈ చిక్కుముడిని విప్పినవాడు ఓడలో దారి లెక్కలు చూసే గంటి ఉదయభాస్కర్. మహా తెలివైనవాడు. ఏళ్ళ తరబడి లెక్క కట్టడానికి దారే లేక తెలివంతా బూజు పట్టి ఉన్నాడు.

"సార్, మనం కదలడం లేదని ఎవరన్నారు?" అన్నాడతను ఒక కాగితం పట్టుకొచ్చి. "భూమి తన చుట్టూ తాను తిరుగుతోంది కదా. మన అక్షాంశం దగ్గర గంటకి ఎనిమిది వందల యాభై ఏడు సముద్రమైళ్ళ వేగం. ఓడ దాంతోపాటే పోతోంది. రోజుకి ఇరవై వేల పైచిలుకు. మొన్న సోమవారం మొదలెట్టినా ఈపాటికి మీకు సరిపోవాలి సార్."

నరహరి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. నవ్వుదామనుకున్నాడు గాని, అరవై రెండు వేలు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాడు. కాగితాన్ని మండలికి పంపాడు.

నిష్కళంక సేవా మండలి అధ్యక్షుడు వైస్ అడ్మిరల్ వింజమూరి శ్రీనాథాచార్యులు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యానికీ చివర సీలు పడ్డట్టుండేది. నెల్లాళ్ళు పరిశీలించి మండలిని సమావేశపరిచాడు.

"భూమాత స్వయంగా మన నౌకలను మోసుకొని అహోరాత్రములు పరిభ్రమించుచుండగా, అదనంగా ఇంధనం వ్యయపరచి తిరుగుట పునరుక్తి దోషమని మండలి అభిప్రాయపడుతున్నది. భూభ్రమణ మైళ్ళను సముద్ర మైళ్ళుగా పరిగణించవచ్చును."

అంతా చప్పట్లు కొట్టారు. తెల్లవారేసరికి జలకేసరి ప్రపంచంలో ఏ ఓడా తిరగనంత దూరం తిరిగిన ఓడ అయి కూర్చుంది. ఒక్క రేవు అధికారి మాత్రం, రేవు లోపల వేగపరిమితి గంటకి ఆరు మైళ్ళే అయినప్పుడు ఎనిమిది వందల యాభై ఏడు మైళ్ళ వేగంతో పోతున్నందుకు సంజాయిషీ ఇవ్వాలని జలకేసరికి నోటీసు పంపాడు. రేవుగోడ కూడా అదే వేగంతో పోతోంది కాబట్టి ముందు దాని సంజాయిషీ తీసుకోవాలని మండలి జవాబు రాసింది.

కొత్త తలనొప్పి హెడ్ క్వార్టర్స్ గుమాస్తాల నుంచి వచ్చింది. భూమి మమ్మల్నీ తిప్పుతోంది కదా, మాకూ సముద్రమైళ్ళు ఇవ్వండి అని వాళ్ళు అర్జీ పెట్టారు. మండలి బాగా ఆలోచించి, మైళ్ళు ఎక్కాలంటే కింద నీళ్ళు ఉండి తీరాలని తేల్చింది. ఆ మరుసటి వారం హెడ్ క్వార్టర్స్ మొత్తం, బీరువాలతో సహా, రేవులో తేలే బల్లకట్టు మీదికి మారింది. క్యాంటీను వాడూ మారాడు. టైపిస్టులు మధ్యాహ్నం భోజనానికి గట్టు మీదికి వెళితే ఆ గంటకి మైళ్ళు కోసేవారు. అందుకని అక్కడే కూర్చుని తినేవారు.

నీలగండిలో పదేళ్ళుగా ఒక్క ఓడకి ఒక్క గీత పడలేదు. దేశంలో ఏ స్థావరానికీ లేని రికార్డు. దానికి గాను 'నిష్కళంక స్థావరం' అనే షీల్డు ఇవ్వడానికి మంత్రిగారు వచ్చే నెల వస్తున్నారు. అంతకు ముందే, సోమవారం నాడు, రియర్ అడ్మిరల్ పదవికి మండలి కూర్చుంటుంది. జాబితాలో ఉన్నది నరహరి పేరొక్కటే. సుభాషిణి కొత్త పదవి గీత కుట్టి, యూనిఫారం ఇస్త్రీ చేసి బీరువాలో తగిలించి ఉంచింది.

శుక్రవారం పొద్దున తుపాను మొదలైంది.

పదిగంటల వేళ దానయ్య నరహరి గదికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"బాబూ, మా పాలెం బోట్లు మూడు ఇంకా రానేదు. పందొమ్మిది మంది. మొన్న సేపల యేటకెల్లినారు. ఒకడి ఇంజిను సెడిపోతే మిగతా రెండూ వాడ్ని ఒగ్గీలేక అక్కడే ఉండిపోనాయంట. ఇందాకా వైర్లెస్సులో సెప్పినారు, ఇప్పుడు అదీ తగల్డం నేదు. మా సెల్లెలి మొగుడూ అందులోనే ఉన్నాడు."

"తీర రక్షక పడవకి చెప్పారా?"

"సెప్పినాం బాబూ. అది బల్లకట్టుకి కట్టీసి ఉంది. దాని మీద అకౌంట్లాఫీసు పెట్టినారు."

నరహరి ఫోన్ తీసి నేరుగా శ్రీనాథాచార్యులకే చేశాడు. సంగతంతా చెప్పి, జలకేసరిని తీసుకెళ్ళడానికి అనుమతి అడిగాడు.

"ఆర్తుల పట్ల మండలికి అపారమైన సానుభూతి కలదు, కమొడోర్," అన్నాడు ఆచార్యులు. "ఆ సానుభూతిని మీరు రేవులో ఉండియే వ్యక్తపరచవలెను. సోమవారం మీ జీవితంలో ఎటువంటి దినమో మీకు జ్ఞాపకం చేయవలసిన పని లేదనుకుంటాను."

నరహరి ఫోన్ పెట్టేశాడు. కిటికీలోంచి చూస్తే రేవు బయట సముద్రం మట్టిరంగులో లేచి పడుతోంది. పదవి కావాలి. అబద్ధం ఎందుకు, ఆయనకి ఆ క్షణంలో కూడా పదవి కావాలనే ఉంది. పదకొండేళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నవాడికి ఇంకా మూడు రోజులు కూర్చోవడం ఎంతసేపు?

"పోన్లెండి బాబూ," అన్నాడు దానయ్య, ఆయన మొహం చూసి. "నాకు సెలవు సీటీ మీద సంతకం పెట్టీయండి. మా నాటుపడవేసుకుని నాను ఎల్తాను."

"ఈ గాలిలో నాటుపడవ మీదా? చస్తావు."

"మరేటి సెయ్యమంటారు? సెల్లికి ఏటని సెప్పీది?"

నరహరికి పట్టరాని కోపం వచ్చింది. అది దానయ్య మీదో, ఆచార్యుల మీదో, తన మీదో ఆయనకే తెలీలేదు. లేచి నుంచుని, గోడకి తగిలించిన వానకోటు తీసుకున్నాడు.

"కట్టు విప్పించు," అన్నాడు.

విప్పమని చెప్పడం తేలికే. డెబ్భై పూతల రంగు పట్టిన తాళ్ళు ఎంత లాగినా సడల్లేదు. చివరికి దానయ్య గొడ్డలి తెచ్చి నాలుగు తాళ్ళూ నరికేశాడు. నరికిన ప్రతి తాడుకీ పెంకులు పెంకులుగా తెల్లరంగు ఎగిరిపడింది. ఓడలో ఉన్న నావికుల్లో సగం మంది ఉద్యోగంలో చేరాక ఓడ కదలడం చూడలేదు. ఒకడు వచ్చి, "ఎటు వైపు వెళ్ళాలి సార్?" అని అడిగాడు.

"అటు. నీళ్ళున్న వైపు," అన్నాడు నరహరి.

రేవు నోరు దాటగానే మొదటి అల వచ్చి ముందుభాగాన్ని ఎత్తి కుదేసింది. వంటగదిలో గిన్నెలన్నీ దొర్లాయి. నావికులు రెయిలింగు పట్టుకుని పేగులు తోడేసేలా వాంతులు చేసుకున్నారు. ఉదయభాస్కర్ కూడా చేసుకున్నాడు. కాని మధ్యమధ్య మూతి తుడుచుకుంటూ మ్యాపు మీద గీతలు గీస్తూ, గాలి వాలూ నీటి వాలూ కలిపి బోట్లు ఎటు కొట్టుకుపోయి ఉంటాయో లెక్క కడుతూనే ఉన్నాడు. అతని మొహంలో అంత సంతోషం నరహరి ఎప్పుడూ చూడలేదు. చుక్కాని నరహరే పట్టుకున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్నవాడు, ప్రతి అలనీ వచ్చేముందే పసిగట్టి ఓడని దాని మీదికి ఎక్కించి దించుతుంటే ఆయనకి నవ్వొచ్చింది. ఇంత హాయిగా ఉండేదాన్ని ఇన్నాళ్ళూ దేనికి వదులుకున్నాన్రా అనిపించింది.

సాయంత్రం నాలుగింటికి, నలభై రెండు మైళ్ళ దూరంలో బోట్లు కనబడ్డాయి. ఒకటి అప్పటికే బోర్లాపడి ఉంది. పందొమ్మిది మందీ మిగిలిన రెండింటిలో కూరుకుని, చేతులతో నీళ్ళు తోడుతున్నారు. దానయ్య ఓడ పక్కన వల జారవిడిచి నడుముకి తాడు కట్టుకుని దిగి ఒక్కొక్కరినీ పైకి పంపాడు. చివరివాడు వాళ్ళ చెల్లెలి మొగుడు గురుమూర్తి. పైకి వచ్చాక దానయ్య అతని వీపు మీద ఒక్కటి గట్టిగా చరిచి, వెళ్ళి కేబిన్ చాటున ఏడ్చాడు.

రాత్రంతా గాలికి ఎదురీది, మర్నాడు పొద్దున జలకేసరి రేవులోకి వచ్చింది. కట్టడానికి తాళ్ళు లేవు. గాలి ఇంకా తగ్గలేదు. ఓడ గోడకి గుద్దుకుని ఎడమపక్క మూడడుగుల సొట్ట పడింది. ఆ చప్పుడికి బల్లకట్టు మీద టైపిస్టులంతా లేచి నుంచున్నారు.

ఆదివారమైనా మండలి కూర్చుంది. నరహరి తప్పంతా ఒప్పుకోవడానికి సిద్ధపడి వెళ్ళాడు. రాజీనామా కూడా జేబులో పెట్టుకున్నాడు. కాని లోపలికి వెళ్ళేసరికి శ్రీనాథాచార్యులు ప్రసన్నంగా ఉన్నాడు.

"కూర్చోండి కమొడోర్. మీ మీద ఎటువంటి అభియోగమూ లేదు. జలకేసరి రేవు విడిచి వెళ్ళలేదని మండలి నిర్ధారణకు వచ్చినది."

నరహరికి తాను సరిగ్గా విన్నాడో లేదో తెలీలేదు. ఆచార్యులు లాగ్ పుస్తకాన్ని ఆయన ముందుకి తోశాడు. డ్యూటీ గుమాస్తా కర్తవ్యపరాయణుడు. ఓడ నడిసముద్రంలో ఊగిపోతున్న ఇరవై రెండు గంటలూ, బల్లకి తనని తాను కట్టేసుకుని, గంటగంటకీ రబ్బరు స్టాంపు వేస్తూనే ఉన్నాడు. దాని ప్రకారం ఓడ రేవుగోడ పక్కనే ఉంది.

"మరి ఆ సొట్ట?"

"రేవుగోడ అకారణంగా ముందుకు జరిగి నౌకను తాకినది. గోడ నిర్మించిన వారికి తాఖీదు పంపుచున్నాము."

"నా ఓడలో పందొమ్మిది మంది ఉన్నారండీ. వాళ్ళెక్కణ్ణుంచి వచ్చారు?"

"అదియే విచారకరం," అన్నాడు ఆచార్యులు గొంతు తగ్గించి. "నౌక రేవులోనే ఉన్నది గనుక వారు రేవులోనే ఎక్కి ఉండవలెను. అనుమతి లేకుండా యుద్ధనౌకలో ప్రవేశించుట ఎంత తీవ్రమైన నేరమో మీకు తెలియనిది కాదు. వారిని వ్యాయామశాలలో నిర్బంధించితిమి. తాళ్ళు నరికిన సరంగును వారికి సహకరించినవాడిగా చేర్చితిమి. మీరు ఈ వాంగ్మూలం మీద సంతకం చేసినచో, రేపు ఉదయం రియర్ అడ్మిరల్."

కాగితం మీద రెండే వాక్యాలున్నాయి. ఓడ కదలలేదు. ఆ పందొమ్మిది మందీ రేవులో ఎక్కారు. నరహరి కలం తీశాడు కూడా. ఒక్క సంతకం పెడితే ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది దిగిపోతుంది. పెడితే నీళ్ళలోంచి తెచ్చినవాళ్ళని జైలుకి పంపినట్టవుతుంది. రేపు ఆ కొత్త యూనిఫారం తొడుక్కుని దానయ్య ఎదురుగా ఎలా నుంచుంటాడో ఊహించుకోబోయాడు. ఊహకి అందలేదు. ఫోన్ తీసి ఇంటికి చేసి, గీత ఒకటి విప్పాల్సి వస్తుందేమో అని సుభాషిణికి చెప్పాడు.

"దారం గట్టిగా వెయ్యలేదులెండి, వచ్చేస్తుంది," అందామె. "అన్నం తిన్నారా?"

నరహరి కలానికి మూత పెట్టాడు. "ఓడ వెళ్ళిందండీ," అన్నాడు ఆచార్యులతో. "నలభై రెండు మైళ్ళు వెళ్ళింది. నలభై రెండు మైళ్ళు తిరిగొచ్చింది. నేనే నడిపాను."

ఆచార్యులకి చెమటలు పట్టాయి. ఓడ వెళ్ళిందని ఒప్పుకుంటే మచ్చ పడుతుంది. మచ్చ పడితే షీల్డు పోతుంది. షీల్డు పోతే మండలిలో ఉన్న అయిదుగురి పదోన్నతులూ పోతాయి. వెళ్ళలేదంటే, వెళ్ళిందని మొహం మీదే చెప్పే కమొడోర్ ఒకడు మిగిలిపోతాడు. అయిదుగురూ తలలు దగ్గరపెట్టుకుని గుసగుసలాడారు. వెళ్ళని చోటికి వెళ్ళానని ఒక మనిషి గట్టిగా చెబుతున్నాడంటే అది క్రమశిక్షణకి సంబంధించిన విషయం కాదు, వైద్యానికి సంబంధించిన విషయం అని తేలింది.

సోమవారం పొద్దున నరహరిని నౌకాదళ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మనోవైద్యురాలు సర్జన్ కమాండర్ కొమండూరి హేమలత. నియమం అంటే నియమమనే మనిషి. ఆమె ఎదుట మండలి పంపిన ఫైలు ఉంది.

"సముద్రంలోకి వెళ్ళినట్టు మీకు ఎప్పటి నుంచి అనిపిస్తోందండీ?"

"శుక్రవారం నుంచి."

"నీళ్ళు కనిపించాయా?"

"కనిపించాయి. మీదపడ్డాయి కూడా. ఉప్పగా ఉన్నాయి."

ఆమె రాసుకుంది. ఇలాంటి కేసుల్లో రోగి తాను చూశానంటున్న మనుషుల్ని పిలిపించి విడివిడిగా అడగాలని, వాళ్ళ మాట వినకుండా జబ్బు ఖాయం చెయ్యకూడదని పుస్తకంలో ఉంది. అందుకని వ్యాయామశాల నుంచి పందొమ్మిది మందినీ, దానయ్యనీ కాపలాతో రప్పించారు. మొదట గురుమూర్తి లోపలికి వచ్చాడు.

"శుక్రవారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"నడిసంద్రంలో అమ్మా."

"ఈ రేవులో కాదూ?"

"రేవులో ఉంటే ఆ బాబు మమ్మల్ని తియ్యడానికి ఎందుకొచ్చీవోడమ్మా?"

రెండోవాడూ అదే చెప్పాడు. మూడోవాడు బోటు ఎలా బోర్లాపడిందో చేతులతో చేసి చూపించాడు. తొమ్మిదోవాడి దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కలం పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. పదమూడోవాడికి మొహానికి గుడ్డ కట్టుకుంది. పందొమ్మిదోవాడు బయటికి వెళ్ళాక ఆమె నరహరి వైపు జాలిగా చూసింది.

"ఓడ కదలలేదని ఫైల్లో స్పష్టంగా ఉంది. ఇంత మందికి ఒకేలా రావడం నా అనుభవంలో లేదు. ఇది అంటుకునే రకం. ముందు ఎవరికొచ్చింది?"

నరహరికి ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత ఆయన మొహం వికసించింది.

"మా సరంగు దానయ్యకండీ," అన్నాడు వినయంగా. "వాళ్ళకది వంశపారంపర్యం. వాళ్ళ తాతముత్తాతలు కూడా సముద్రంలోకి వెళ్ళామనే చెప్పుకునేవారట. తాళ్ళు నరికేటప్పటికే బాగా ముదిరిపోయింది పాపం."

"రోగుల మీద అక్రమ ప్రవేశం కేసు పెట్టడం కుదరదే," అంది ఆమె ఫైలు తిరగేస్తూ. "తాళ్ళు నరికిన కేసు కూడా నిలవదు. పైగా వీళ్ళని స్థావరంలో నిర్బంధించడం ఏమిటి, బొత్తిగా ఆరోగ్యసూత్రాలు తెలియకుండా? ఇవాళే బయటికి పంపించెయ్యాలి. మీక్కూడా ఉద్యోగం నుంచి విరమణ తప్పదు కమొడోర్. మీరు వయసులో ఉన్న అధికారుల మధ్య తిరిగితే వాళ్ళకి తొందరగా అంటుకుంటుంది."

"అప్పుడే ఒకడికి అంటుకుందండీ. ఉదయభాస్కర్ అని. రాత్రింబవళ్ళు మ్యాపులు వేస్తున్నాడట."

ఆమె ఆ పేరు కూడా రాసుకుని ధ్రువపత్రం తయారుచేసింది. 'కమొడోర్ పిరాట్ల నరహరి అను వీరు తాము సముద్రములోనికి వెళ్ళితిమని దృఢముగా విశ్వసించుచున్నందున, నౌకాదళ సేవకు శాశ్వతముగా అనర్హులు. వీరితో పాటు వ్యాధి సోకిన పందొమ్మిది మందిని, సరంగును తక్షణమే విడుదల చేయవలెను.' చదివి, ఏమైనా అభ్యంతరం ఉంటే చెప్పమని కాగితం ఆయన ముందు పెట్టింది.

నరహరి అక్షరం అక్షరం చదివాడు. తన ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో తన గురించి నౌకాదళం రాసిన కాగితాల్లో అబద్ధం లేనిది ఇదొక్కటే అనిపించింది. కింద చూపించిన చోట పూర్తి పేరుతో సంతకం పెట్టి, బయట వరండాలో కూర్చున్న ఇరవై మందితో కలిసి గేటు వైపు నడిచాడు.